లచ్చయ్య చెయ్యి లేపాడు

"చెయ్యెందుకు లేపినవయ్యా?" అని కౌసల్యమ్మ మొగుణ్ణి ఏడోసారి అడిగింది.

"అందరు లేపిన్రు. నేను గూడ లేపిన," అన్నాడు లచ్చయ్య.

అదీ సంగతి. ఊరు ఊరంతా సకల జనుల సమ్మెలో ఉంది. ఆదివారం పొద్దున ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా సైకిల్ ర్యాలీ. జెండా కట్టుకుని ముందు ఎవరు తొక్కుతారని సమ్మె టెంటులో అడిగారు. లచ్చయ్య చెయ్యి లేచింది. యాభై మూడేళ్లొచ్చాయి గానీ సైకిలు తొక్కడం మాత్రం రాలేదు. ఆ మాట తోటివాళ్లకు చెప్పుకోవడం కన్నా పళ్లు రాలగొట్టుకోవడమే నయమనిపించింది పాపం.

ఉన్నవి ఐదు రోజులు.

మనవరాలు జ్యోతిక నాలుగో తరగతి. సమ్మెలో బడి లేదు గనుక తాతకే బడి పెట్టింది.

మొదటిరోజు పడిపోకుండా క్యారేజీకి అడ్డంగా కర్ర కట్టింది. ఎదురింటి వెంకాయమ్మ ఆరేసుకున్న చీరలు రెండు ఆ కర్రకు చుట్టుకుని, లచ్చయ్యతోపాటు సందు చివరిదాకా వచ్చాయి.

మర్నాడు రోడ్డు మీద సుద్దముక్కతో పాములా గీత గీసి, దాని మీదే పొమ్మంది. లచ్చయ్య పామును వదిలి పక్కనున్న మురికి మోరీలోకి పోయాడు.

"బ్రేక్ తాతా, బ్రేక్" అంటే చేతులు ఊరుకునేవి, కుడికాలు కిందికి తన్నేది. పెడలు తిరిగి సైకిలు ఇంకా ఉరికేది. మలుపు తిరగమంటే సందంతా ఆయనకే కావాలి.

"మీ తాతకు మూడు చక్రాలది కొనియ్యాలె బిడ్డా," అంది కౌసల్యమ్మ గడపలో కూర్చుని.

"నవ్వు, నవ్వు. ఆదివారం అందరు నవ్వేదే. ముందుగాల నువ్వు కానియ్యి," అన్నాడు మోకాలికి పసుపు అద్దుకుంటూ.

శనివారం జ్యోతికకు విసుగొచ్చింది. తాత జేబులోంచి బీడీల కట్ట లాక్కుని ఉరికింది.

"దొంగపిల్లా, ఆగు," అంటూ లచ్చయ్య చేతిలో ఉన్న సైకిలెక్కి వెంటపడ్డాడు. సందు దాటాడు. నీళ్ల ట్యాంకు దాటాడు. జ్యోతిక ఆగి చప్పట్లు కొట్టాక గానీ, తాను తొక్కుతున్న సంగతి ఆయనకు తట్టలేదు.

"ఎట్ల దిగాలె బిడ్డా?"

అది ఆ పిల్ల నేర్పలేదు. ఎదురుగా ఉన్న ఇసుక కుప్ప నేర్పింది.

ఆదివారం అందరికన్నా ముందు లచ్చయ్యే. జెండా ఎగురుతుంటే పెళ్లికొడుకులా నిటారుగా తొక్కాడు. దిల్‌సుఖ్‌నగర్ రానే వచ్చింది. అక్కడ ఇసుక కుప్ప లేదు. తిన్నగా రోడ్డు పక్కనున్న దీక్ష టెంటులోకి పోయి, దీక్షలో కూర్చున్నవాళ్ల ఒళ్లో పడ్డాడు.

నాలుగు చేతులు లేపి కూర్చోబెట్టాయి.

"హ్యాండిల్ వంకరున్నదిరా," అన్నాడు దుమ్ము దులుపుకుంటూ.

"గదే అనుకున్న అన్నా. గిట్లాంటి డొక్కు సైకిల్ నీకెవడిచ్చిండు?" అన్నాడు పక్కనే తొక్కుతూ వచ్చిన మహిపాల్.

ఒక్కరూ నవ్వలేదు.

ఎలా నవ్వుతారు, ఇరవై ఏడేళ్లుగా ఇదే రోడ్డు మీద సిటీ బస్సు నడుపుతూ ఒక్క కోడిపిల్లనైనా గుద్దని డ్రైవరాయన.