తాగానని చెప్పినవాడు

"కింద మనుసులుంటే సచ్చిపోయేవోళ్లు గదరా!"

పైనుంచి పడిన రంగు డబ్బాను కాలితో తన్ని, నిచ్చెన వెనక ముడుచుకున్న యోగరాసాను మేస్త్రీ మునిరత్నం కాలరు పట్టి లేపాడు. రేణిగుంట గోడౌను మీదుగా విమానం అప్పుడే దిగిపోయింది.

"తాగినావా?"

"తాగినానప్పా."

యోగరాసా శ్రీలంక యుద్ధంలో విమానాలు వేసే బాంబుల నుంచి పారిపోయి వచ్చినవాడు. తమిళనాడు శరణార్థుల క్యాంపులో ఉంటూ ఇక్కడికి పెయింటింగు పనికి వస్తాడు.

మునిరత్నం అతని నోరు వాసన చూశాడు. సారా వాసనే లేదు.

"నాకాడ అబద్ధమా? ఇమానం వస్తే నువ్వు దాక్కొనేది సూస్తానే ఉండా. ఆస్పత్రికి పోయేదానికి ఏమి రోగం?"

"ఆడ పిచ్చోడని రాస్తారప్పా. క్యాంపు ఆఫీసరుకు తెలిసిపోతాది. తాగుబోతుకైతే రేపు గూడా పనిస్తారు. పిచ్చోణ్ణి నిచ్చెన ఎవురెక్కనిస్తారు?"

కూలీలంతా పని ఆపి చూస్తున్నారు. మునిరత్నం కాలరు వదల్లేదు.

"తాగి పనికొస్తావా? నడువు, నీ తాగుడు మాన్పిస్తా!" అందరికీ వినపడేలా అరుస్తూ గేటు బయటికి ఈడ్చుకెళ్లాడు.

బండి దగ్గర గొంతు తగ్గించాడు కానీ కోపం తగ్గలేదు.

"తాగుడుకూ నీ బయానికీ మందిచ్చేది ఒగే డాక్టరు. తాగుడుకని తోడుకోని పోతాండా. లోపలికి పోయినాక నిజం సెప్పు."

యోగరాసా కదల్లేదు.

"డాక్టరు కాడ తలుపేసుకోవచ్చా అప్పా?"

"నేనే బయట కాపలా ఉంటా. ఎక్కు!"

అతను ఎక్కాడు.