ఇరవై ఒక్క క్రెడిట్లు

“ఇంకా ఇరవై ఒక్క క్రెడిట్లు కావాలండీ,” అన్నాడు డెస్మండ్ కంప్యూటరు వంక చూస్తూ. “మీరెప్పుడో చదివి వదిలేసినవి ముప్ఫై తొమ్మిది ఉన్నాయి. మొత్తం అరవై అయితే రెండేళ్ల డిగ్రీ చేతికొస్తుంది.”

“మే నెలకల్లా రావాలి బాబూ,” అంది వెల్మా.

ఆమెకు యాభై ఏడేళ్లు. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకు కూర్చుంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో నది ఒడ్డునున్న ఆ చిన్న ఊళ్లో కమ్యూనిటీ కాలేజీ అంటే అందరి కాలేజీ. ఫ్యాక్టరీ మూతబడి రోడ్డున పడ్డవాళ్లు, పిల్లలు బడికెళ్లేదాకా ఆగిన తల్లులు, పెద్ద కాలేజీల ఫీజు విని గుండె జారినవాళ్లు అక్కడికే వస్తారు. సోమవారం నుంచి క్లాసులు. వరండాలో ఇంకా పదిమంది ఎదురుచూస్తున్నారు. గుమ్మం దగ్గర పేర్లు రాసుకునే గుమాస్తా రోజలిన్, వెల్మా పేరును మాత్రం తలెత్తకుండా రాసుకుంది.

ఎవరు ఏ కోర్సులు తీసుకోవాలో చెప్పడం డెస్మండ్ పని. చేరి మూడు వారాలే అయింది. మంచివాడే. తెలియనిది తెలియదని చెబుతాడు.

“మే ఎందుకండీ, అంత తొందరేముంది?”

“ఒక ఉద్యోగం ఉంది. నేను చేయగలనని వాళ్లకూ తెలుసు. కానీ డిగ్రీ కాగితం లేనిదే కుదరదట. మే దాకా చూస్తామన్నారు.”

“లోకానికి ఇదో రోగం పట్టుకుంది. మనిషిని వదిలేసి కాగితాన్ని చూస్తారు. ఎవరోగానీ బుద్ధిలేని వాళ్లు.”

“వాళ్లనేం అంటాం బాబూ. పైనుంచి తనిఖీకి వచ్చినవాళ్లు డిగ్రీ ఉండాల్సిందేనని రాసిపోయారట.”

డెస్మండ్ సొరుగు లాగి ఒక పాత నోటుపుస్తకం తీశాడు. అట్ట చిరిగిపోయింది. లోపలంతా నీలం సిరా.

“నవ్వకండేం. నాకంటే ముందున్నవాళ్లు వదిలేసి వెళ్లారు. రిటైరయ్యారేమో. ఇది లేకపోతే మొదటి వారంలోనే నా పని గోవిందా.”

“అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి,” అంది వెల్మా.

“అక్షరాలదేముందండీ, ఇందులో ఉన్నది బంగారం.” పేజీలు తిప్పాడు. “మీకు జనరల్ స్టడీస్ డిగ్రీ సరిపోతుంది. ఫలానాదే చదవాలన్న పట్టు ఉండదు. నచ్చినవి ఏరుకోవచ్చు. అయితే ఎవరికైనా తప్పనివి కొన్ని ఉంటాయి. రాత, లెక్కలు, సమాజం గురించి ఒకటి, కళల్లో ఒకటి, ల్యాబ్ ఉన్న సైన్సు ఒకటి. లెక్కలంటే ఎలా ఉంటుంది మీకు?”

“అప్పట్లో ఆ క్లాసులోంచే లేచి వెళ్లిపోయాను.”

డెస్మండ్ వేలితో వెతికి చదివాడు. “యాభై దాటినవాళ్లకు మొదటి టర్ములోనే లెక్కలు ఇవ్వొద్దు. చెప్పకుండా మానేస్తారు. ముందు గెలిచే క్లాసు ఒకటి ఇవ్వాలి. ఆ ధైర్యంతో రెండో టర్ములో లెక్కలు దాటేస్తారు.” తలెత్తాడు. “ఎంత బాగా తెలుసో చూడండి.”

వెల్మా కిటికీలోంచి కార్లు ఆపే స్థలం వైపు చూసింది. ఆమెకు ఏడుపొచ్చింది. మింగేసింది.

లెక్కలు జనవరిలో మొదలయ్యే రెండో టర్ముకు నెట్టారు. రాత, సోషియాలజీ, చిత్రకళ ఇప్పుడే. సైన్సు దగ్గరికి వచ్చేసరికి డెస్మండ్ మొహం వాడిపోయింది.

“మీరు తీసుకోగలిగింది ఒక్క జియాలజీయేనండీ. రాళ్లూ మట్టీ. అది ఈ టర్ములోనే ఉంటుంది, మళ్లీ వచ్చే ఏడాదే. సీట్లన్నీ నిండిపోయాయి.”

“అయితే మే నెల దాటిపోతుంది.”

“దాటిపోతుంది.”

ఉన్నట్టుండి డెస్మండ్ మళ్లీ పుస్తకం మీద పడ్డాడు. చివరి పేజీల్లో దొరికింది.

“ఇదిగో. నిండిపోయిందని కంప్యూటరు చెబితే నమ్మొద్దు. మొదటిరోజు నేరుగా క్లాసుకెళ్లి ముందు వరుసలో కూర్చోమనాలి. రెండో వారానికల్లా నలుగురు మానేస్తారు. మేష్టారు ముందు వరుసలో కూర్చున్నవాళ్లనే చేర్చుకుంటారు.” పుస్తకం టపీమని మూశాడు. “మీ ఉద్యోగం ఎక్కడికీ పోదండీ. నేను దగ్గరుండి చేర్పిస్తాను.”

“నీకెందుకు బాబూ ఇంత శ్రమ?”

“నా స్వార్థమూ ఉందిలెండి. నాది టెంపరరీ. ఈ ఏడాది పని నచ్చితే ఖాయం చేస్తామన్నారు. ఖాయమైతేనే ఆస్పత్రి ఖర్చులకు ఇన్సూరెన్సు. క్రిస్మస్‌కి మాకు బిడ్డ పుడుతుంది. పుట్టబోయేవాడి గుండెలో ఏదో లోపం ఉందన్నారు డాక్టర్లు. వచ్చే వేసవిలో ఆపరేషన్ చేయించాలి. మీలాంటి వాళ్లు నలుగురు గట్టెక్కితే నాకూ మంచి పేరొస్తుంది కదా.”

వెల్మా చేతిసంచీ పిడిని ఇంకా గట్టిగా పట్టుకుంది. లేచి వెళ్లిపోదామా అనుకుంది. కానీ ఇంట్లో ఆమె సంపాదన తప్ప వేరే ఆధారం లేదు. ఈ వయసులో ఇంకెవరూ పిలిచి పని ఇవ్వరు. కదలకుండా కూర్చుంది.

డెస్మండ్ ఫారం మొత్తం నింపి కిందిదాకా వచ్చాడు.

“ఈ ఒక్క గడి వదిలేశారు. డిగ్రీ ఏ ఉద్యోగం కోసమో రాయాలట. ఏదో ఒకటి లేకపోతే కంప్యూటరు తీసుకోదు. చెప్పండి, నేనే కొట్టేస్తాను.”

“ఈ కాలేజీలో కోర్సుల సలహాదారు,” అంది వెల్మా, మొన్న జులై దాకా పంతొమ్మిదేళ్లు తాను కూర్చున్న కుర్చీలో ఉన్న ఆ కుర్రాడి మొహం చూడలేక.