మిగిలిన నడక

ఆరో రోజు మధ్యాహ్నానికి కోడలి మడమల మీద బొబ్బలు చిట్లిపోయాయి. కొండదారి పక్కనున్న బసలో ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, మామగారు కింద చతికిలబడి ఆమె పాదాన్ని ఒళ్లోకి తీసుకున్నారు.

“వద్దు మామయ్యా. మీరు నా కాళ్లు పట్టుకోవడమేంటి?”

“ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాణ్ణమ్మా. టైరు పోతే కింద కూర్చోక తప్పదు.”

ఆమె నవ్వబోయింది. అంతలో మందు తగిలి పళ్లు బిగించింది.

పది రోజుల ఈ నడక ఆయన కొడుకు కోరిక. భార్యను తీసుకుని రేపు వెళ్దాం, మాపు వెళ్దాం అంటూనే రెండేళ్ల కిందట జ్వరంతో పోయాడు. అతని బదులు మనం నడుద్దామని కోడలే మామగారిని బయల్దేరదీసింది.

“వాడి కోసం నువ్వింత బాధపడక్కర్లేదు. కింద ఊళ్లో బస్సు దొరుకుతుంది. ఇంటికి పోదాం.”

“అప్పుడే వద్దు మామయ్యా. ఇంకా నాలుగు రోజులున్నాయిగా.”

ఆమె కన్నీళ్లు ఆయన చేతి మీద పడ్డాయి.

“అంత నొప్పిగా ఉందా?”

ఆమె తల అడ్డంగా ఊపింది. “మా ఆఫీసులో ఒకాయన నన్ను పెళ్లి చేసుకుంటానన్నాడు. నేను సరేనన్నాను. దారిలో మీకు చెబుదామనే తీసుకొచ్చాను. ఆరు రోజులుగా నోరు రావడం లేదు.”

ఆయన కట్టు చుట్టడం ఆపలేదు.

“మంచివాడేనా?”

“మంచివాడే మామయ్యా.”

“అయితే ఆ నాలుగు రోజులూ నడుద్దామమ్మా,” అన్నారాయన, ఆమె పాదాన్ని ఒళ్లోంచి దించకుండానే. “మెల్లిగా నడుద్దాం.”