కాళ్లు దాచుకున్న మడుగు

ఎండలకు సగం ఇంకిన మడుగులో కొంగ అందాల పోటీ పెట్టింది. పొద్దున్నే తోకకప్పలన్నీ నీటిపైకి వచ్చి ఒళ్లు చూపించాలి. నచ్చినవాటికి చేపపిల్లలు బుడగలు వదులుతాయి. ఎన్ని బుడగలొస్తే అంత అందం.

"నున్నటి ఒళ్లు, సన్నటి తోక, అదీ అందమంటే! కాళ్లా? ఛీ, చూడలేం!" అనేది కొంగ. కాళ్లు లేనివి గట్టుకు గెంతలేవని దాని పొట్టకు బాగా తెలుసు.

మినుమి అనే తోకకప్పకు అప్పుడే కాళ్లు మొలిచాయి. ఒక్క బుడగా రాలేదు. ఏడ్చి ఏడ్చి నాచుతో కాళ్లు కట్టేసుకుంది. అది చూసి మిగతావీ కట్టుకున్నాయి. కాళ్లు మొలవనివి కూడా ముందుజాగ్రత్తగా నాచు చుట్టుకున్నాయి.

నీళ్లు అడుగంటాయి. రోజూ కొన్నిటిని కొంగ మింగుతోంది. అయినా బుడగలు తగ్గుతాయని ఎవరూ కట్లు విప్పలేదు.

ఒకరోజు కొంగ తనను మింగబోయి వంగినప్పుడు మినుమి దాని కాళ్లు చూసింది.

"మామా, నీకూ కాళ్లున్నాయే!"

కొంగ గబుక్కున ఒక కాలు ముడిచింది. "సిగ్గేసే కదమ్మా, ఒకటి ఇలా దాచుకుని నిలబడతాను."

"రెండోదీ దాస్తే ఎన్ని బుడగలొస్తాయో!"

"దాచు! దాచు!" అని చేపపిల్లలు అరిచాయి.

కొంగకు ఆశ పుట్టింది. రెండో కాలూ ఎత్తింది. ధబేలున పడి, ముక్కు బురదలో దిగబడింది.

"మన కాళ్లు మన హక్కు! విప్పండర్రా!" అని మినుమి కేకేసింది. కాళ్లున్నవి లేనివాటిని వీపున ఎక్కించుకుని పక్క చెరువుకు గెంతాయి.

ఆ రోజు మడుగులో అందరికంటే ఎక్కువ బుడగలు కొంగకే వచ్చాయి. అన్నీ దాని ముక్కులోంచే.