ఊటీ చామంతి

“ఏయ్! ఏటి సేత్తన్నావ్?”

వానలో తడుస్తూ పూలమడి దగ్గర కూర్చున్న మనిషి ఉలిక్కిపడ్డాడు. చేతిలో వేర్లతో సహా మొక్క.

తాయారు వీధరుగు దిగి పరుగున వచ్చింది.

అది ఆమె భర్త శ్రీరామ్మూర్తి ఊటీ నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన జెర్బెరా. చామంతి జాతే. కాడకి ఒక్కటే పువ్వు, అరచేతంత, నారింజ రంగులో. స్టీల్ ప్లాంటుకి పునాదులు తవ్వుతున్న ఆ రోజుల్లో కూర్మన్నపాలెంలో ఇంకెవరింటా అలాంటిది లేదు.

అది తొలిసారి పూసేసరికి ఆయన లేడు.

మొక్క మాత్రం ఏటా వానల్లో వడిలి, మళ్లీ తేరుకుని పూసేది.

“మా ఆయన సేత్తో నాటిన మొక్క! పీకడానికి నీకు సేతులెలా వొచ్చాయి?”

అతను తల దించుకున్నాడు.

“తప్పయిపోనాది తల్లీ.”

మొక్కని మళ్లీ నాటి, చుట్టూ మట్టి మెల్లగా అదిమాడు.

“మొక్క మొదలు కాడ నీరు నిలవనీకండమ్మా.”

మర్నాడే తాయారు గేటుకి తాళం వేయించింది.

మరుసటి ఏడాది వానలకి మొక్క కుళ్లిపోయింది. ఎంత చూసినా చిగురు రాలేదు. వట్టి మడి ముందు కూర్చుని, ఆయన మళ్లీ పోయినట్టే ఏడ్చింది.

కార్తీకంలో ఒకామె గేటు తట్టింది. చంకలో తడిగోనెలో చుట్టిన మొక్క.

“నాను గంగాలమ్మనమ్మా. మాది సబ్బవరం. నిరుడు మీరు కేకలేసింది మా ఆయన్నే, ఎల్లారావుని.”

“ఆ దొంగనా?”

“మాఘంలో పోనాడమ్మా. వానలెల్లాక మీకీ మొక్క ఇచ్చి రమ్మని మరీమరీ సెప్పాడు.”

“ఇన్నేళ్లూ బతికింది... ఈ యేడే సచ్చిపోనాది.”

“మీది మొదటి వానకే కుళ్లిపోనాదమ్మా. మీతో మాటాడదామని వొచ్చి, నోరు పెగలక గేటు కాడే నిలబడిపోయి, అది సూసాడు. బతికున్న పిలకొకటి పట్టుకొచ్చి మా మెరక పెరట్లో ఏసాడు. యేటేటా దాని పిల్లనొకటి తెచ్చి, కుళ్లింది తీసి, మీరు సూడకుండా నాటీవోడు. నిరుడు ఆయన సేతిలో మీరు సూసిందీ ఆ పిల్లనే. ‘ఆయమ్మకి తెలీకూడదే’ అనీవోడు.”

తాయారు తాళం తీసింది.

“మీ ఆయనకీ మాకూ ఏటి సమ్మందం?”

గంగాలమ్మ మొక్కని ఆమె చేతుల్లో పెట్టింది.

“బీమిలి సముద్రంలో ఎవుడో మునిగిపోతంటే, ఆణ్ని ఒడ్డుకి తోసేసి మీ ఆయన అలల్లో ఉండిపోనారు గదమ్మా... ఆ ఒడ్డున పడ్డోడు మా ఆయనే.”