రాతి కింద పాము

పొద్దున కాల్చిన చేమదుంప అలాగే చల్లారిపోయింది. నెస్టాకి ముద్ద దిగలేదు.

ఇవాళే పంచాయితీ. పూర్వీకుల రాళ్ల కింద వంశం పాము కనబడితే కొండమీద అడవి నెస్టాదే, చెట్టు మీద కత్తి పడకూడదు. కనబడకపోతే పూర్వీకులు ఆ అడవిని వదిలేసినట్టే. తమ్ముడు కస్పర్ అడవిని కలప కంపెనీకి రాసిచ్చేయొచ్చు. కాగితాలు అతని సంచీలోనే ఉన్నాయి. కంపెనీ పడవ కూడా రేవులో ఆగి ఉంది.

"ఏంటక్కా, మొహం అలా పెట్టావ్? పాముకి జ్వరమొచ్చిందా?" వక్క నములుతూ నవ్వాడు కస్పర్.

"నవ్వరా నవ్వు. అమ్మ ఉంటే నీ మూతి పగిలేది."

"అమ్మా లేదు, పామూ లేదు. పక్క కొండమీద రంపాల మోతకి అది ఎప్పుడో పారిపోయుంటుంది."

నెస్టా లేచి కొండదారి పట్టింది.

ఊరంతా కొండెక్కింది. ఆ రాళ్ల దగ్గరికి పరాయి వంశాలవాళ్లు వెళ్లకూడదు. అందరూ దూరంగానే ఆగారు.

"భూమి మీ ఆడవాళ్లదే. కానీ పంచాయితీలో మాట అన్నదమ్ములది," అన్నాడు ఊరిపెద్ద సిలాస్ తాత. "నువ్వే రాయెత్తి చెప్పు కస్పర్."

కస్పర్ హుషారుగా వంగాడు. రాయి పక్కకి దొర్లింది.

ఎండాకుల్లో గోధుమరంగు చుట్ట ఒకటి మెల్లగా కదిలింది. లావుగా, మొండితోకతో, నిద్రమత్తులో ఉన్నట్టుగా.

కస్పర్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఉందా?"

"పాము... ఉంది తాతా."

"మీదేనా? చిన్నప్పట్నుంచీ చూస్తున్నవాడివి. సరిగ్గా చూసి చెప్పు."

కస్పర్ పాముని చూశాడు. అక్కని చూశాడు. నెస్టా చూపు తిప్పుకోలేదు. కిందున్న అరటితోట వైపు గడ్డం మాత్రం ఊపింది. ఇప్పుడు వాడు 'మాది కాదు' అంటే చాలు, అడవి పోతుంది.

"మాదే," అన్నాడు చివరికి, వినీ వినపడనట్టు.

"గట్టిగా చెప్పరా, పెళ్లికూతురిలా సిగ్గేంటి?" వెనకనుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

"మా పామే!"

పడవని పంపెయ్యమంటూ కుర్రాళ్లు రేవు వైపు పరిగెత్తారు.

ఆ పాముని నిన్న అవతలి లోయలో పట్టి తెచ్చి రాయి కింద పెట్టింది నెస్టానే, తమ వంశం పాముని తమ్ముడు నరికి అరటితోటలో పూడ్చడం కళ్లారా చూశాక.