బాలమణి చెవులు

"దీనికి ఇత్తడి పడదు అన్నా," అంది ఈదమ్మ, బిడ్డను కుంపటి ముందు కూర్చోబెడుతూ.

అవుసలి అనంతయ్య తలెత్తలేదు. దొర గడీ నుంచి వచ్చిన బంగారం మూట అతని మోకాలి పక్కనే ఉంది. దాన్ని తెచ్చిన గడీ జీతగాడు బక్కయ్య వాకిట్లో చుట్ట కాలుస్తూ కాపలా కూర్చున్నాడు.

రెండో జర్మనీ లడాయి మొదలైన ఏడు. దొరసాని బిడ్డకు లగ్గం కుదిరింది. పెండ్లికూతురు వెంట ఆడబాపగా పంపడానికి ఊళ్ళో పిల్లలను వరసగా నిలబెట్టి చూసి, దొరసాని బాలమణిని ఏరుకుంది. పదేండ్ల పిల్ల. కడిగిన ముత్యం లాంటి మొఖం. అమ్మగారికి నీళ్ళు తోడాలి, కాళ్ళు పిసకాలి, ఆ ఇంట్లో ఎవరు ఏ పని చెప్పినా చేయాలి. తనకంటూ పెండ్లి ఉండదు. మళ్ళీ ఊరికి రావడమూ ఉండదు.

బోడి చెవులతో పంపితే మొగపెండ్లివాళ్ళు నవ్వుతారని గడీయే బంగారం ఇచ్చింది. చెవులు కుట్టి, పుండ్లు మానినాక పిల్లను తీసుకురమ్మంది. తేడా వస్తే తోలు వలుస్తామని కూడా చెప్పి పంపింది.

"అదృష్టం తన్నుకొచ్చిందే ఈదమ్మా," అన్నాడు బక్కయ్య వాకిట్లోంచి. "నీ బిడ్డ ఇగ సన్నబువ్వ తింటది. నీకే జొన్నగటక."

"నీ నోట్ల చక్కెర పొయ్య," అంది ఈదమ్మ. అటు తిరిగి చూడలేదు.

బిడ్డ చేయి పట్టి అనంతయ్య ముందుకు చాపింది. ఉంగరపు వేలి చుట్టూ నల్లగా, లావుగా మచ్చ.

"వడ్డేపల్లి సంతల ఇత్తడి ఉంగరం కొనిస్తినన్నా. వారం తిరగలే, వేలు బూరె లెక్క ఉబ్బె. చీము కారె. మానినాక గిట్ల కాయ కట్టింది. మా రక్తమే గసుంటిది. నా చెవి చూడు."

కొంగు పక్కకు తీసింది. చెవితమ్మెకు రేగుపండంత కండ వేలాడుతోంది.

"బంగారానికి ఏం గాదు," అన్నాడు అనంతయ్య.

"అండ్ల ఇత్తడి కలిస్తే?"

"కలిస్తే చెవి నిలువదు."

"ఎంత కలిస్తే నిలువదు?"

అనంతయ్య అప్పుడు తలెత్తి ఆమె మొఖంలోకి చూశాడు.

"గింత పరేషాన్ ఏందే?" బక్కయ్య నవ్వాడు. "అవుసలాయన ఇయ్యాల కొత్తగ కుడుతుండా చెవులు?"

"కన్నదాన్ని. నేను అడగకుంటే ఎవరడుగుతరు?"

అనంతయ్య ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని నిప్పు రాజేశాడు.

పొద్దు వాలేసరికి పోగులు తయారయ్యాయి. సూది దిగినప్పుడు బాలమణి కీచుమంది. ఈదమ్మ బిడ్డ తలను గట్టిగా అదిమి పట్టుకుని కళ్ళు మూసుకుంది. పోగులు తళతళలాడాయి. బక్కయ్య వచ్చి వంగి చూసి, బాగున్నయని తలూపి వెళ్ళిపోయాడు.

వారానికే చెవులు వాచాయి. వేపాకు నీళ్ళకు లొంగలేదు, పసుపుకు లొంగలేదు. చీము మెడ మీదికి కారింది. పిల్ల పక్కకు ఒత్తిగిలలేక కూర్చునే నిద్రపోయింది. చివరికి పుండు మానింది గానీ, తమ్మెల నిండా చింతగింజలు కుచ్చినట్టు కండ కాయలు కట్టింది.

దొరసాని ఒక్క చూపు చూసి మొఖం తిప్పుకుంది.

"ఛీ! గీ చెవులదాన్ని నా బిడ్డ పక్కన నిలబెడ్తరా? తీస్కపోండ్రి."

పోగులు తీసి గీటురాయి మీద రుద్దితే పైపూత ఊడింది. లోపలంతా ఇత్తడే. అనంతయ్య పెట్టె వెతికితే, పూతకు పోయింది తప్ప, గడీ బంగారం అట్లాగే దొరికింది.

అవుసలివాడు కన్నతల్లి ముక్కుపుడకలోనైనా ఇంత గీరుకుంటాడని సామెత ఉండనే ఉంది. ఊరికి ఇక సాక్ష్యం అక్కరలేదు.

గడీ ముందు ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. ఎందుకు చేసినవురా అని అడిగారు.

"ఆశపడ్డ, దొరా," అన్నాడు.

ఊరంతా చూస్తుండగా ఈదమ్మ దుమ్మెత్తి అతని నెత్తిన పోసింది. "నీ చేతులు పడిపోను! నా బిడ్డ నోటికాడి బువ్వ కాలదంతివి గదరా!" ఇద్దరు ఆడవాళ్ళు రెక్కలు పట్టి ఆమెను ఇంటికి లాక్కుపోయారు.

ఆ సాయంత్రం అనంతయ్య పెండ్లాం అలివేలమ్మ అతని వీపుకు ఆముదం రాస్తూ ఏడ్చింది.

"మన కులపోళ్ళను ఎవలన్న దొంగలంటే ఊళ్ళె కొట్లాడుతుంటి. నిజం చేస్తివి గద."

"గటక ఉందా?" అన్నాడు అనంతయ్య.

వీపు మళ్ళీ నిలువు కాలేదు. పుస్తె అతికించమని కూడా ఎవరూ రాలేదు. కుంపటిలో బూడిద గట్టిపడింది. బావికాడ అలివేలమ్మను చూస్తే ఆడవాళ్ళు మాటలు ఆపేవారు.

లగ్గం దగ్గరపడింది. ఈసారి ఈదమ్మ చెల్లెలు రేణుకమ్మ బిడ్డను దొరసాని ఏరుకుంది. అమరచింత నుంచి ఇంకో అవుసలాయనను పిలిపించి, తన కండ్ల ముందరే అసలు బంగారంతో చెవులు కుట్టించింది.

మరునాడు మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా కదలని వేళ, రేణుకమ్మ బిడ్డ చేయి పట్టుకుని అనంతయ్య ఇంట్లోకి వచ్చింది. వెనక్కి తిరిగి తలుపు దగ్గరికి వేసింది. ఇంకో తిట్టు పడడానికి అతను తల వంచుకున్నాడు.

"మా ఈదమ్మక్క పంపింది అన్నా," అంది రేణుకమ్మ గొంతు తగ్గించి, "పోగులు మార్చి, బాలమణికి పెట్టిన ఇత్తడే నా బిడ్డకు గూడ పెట్టి, దీన్ని గడీకి పోకుండ ఆపు."